మంచులో మోగిన పెట్టె

కొత్తరేవు,
పలాస మీదుగా,
16 ఫిబ్రవరి 1969, ఆదివారం.

ప్రియమైన అన్నయ్య విలియంకు,

ఇంతవరకు మనందరినీ కాచి, ఈ ఉత్తరం రాసే వేళ దాకా తెచ్చిన ప్రభువు పేరట వందనములు చేసి చెల్లెలు జ్ఞానసుందరి రాస్తున్నది. ఇక్కడ అమ్మ, నాన్నగారు, నేను క్షేమం. ఖరగ్‌పూర్‌లో నువ్వూ అలాగే ఉన్నావని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు ఆలస్యమైందని కోపగించుకోకు. రాద్దామని కూర్చోవడం, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కాగితం మడిచి లోపల పెట్టేయడం, ఇదే పని అయింది. ఈ రోజు ఆరాధన అయ్యాక అమ్మ భోజనానికి పిలుస్తున్నా వినకుండా బడి తాళం తీసుకుని వచ్చి ఇక్కడ కూర్చున్నాను.

అమ్మకు మోకాళ్ళ నొప్పి కొంచెం తగ్గింది. ఉప్పు వేయించి మూటకట్టి కాపడం పెడుతున్నాను. అక్కడ నీకు మన బియ్యం దొరుకుతున్నాయా, ఆ ఉప్పుడు బియ్యమే తింటున్నావా అని అడగమంది. జీడిమామిడి తోటలన్నీ పూతకొచ్చాయి. తలుపు తీస్తే చాలు ఇల్లంతా ఆ వాసనే. మా బళ్ళో పిల్లలు పూత రాలకొట్టి తోటవాళ్ళ చేత తిట్లు తిని వచ్చి, నేనేదో కాపాడతానని నా వెనక దాక్కుంటున్నారు.

ఇక నువ్వు అడిగిన సంగతి. గిటారు శబ్దం పెంచే హెడ్డు వేరు, దాన్ని పలికించే స్పీకర్ల పెట్టె వేరుగా ఉన్న నీ సెట్టును పలాస నారాయణమూర్తిగారికి అమ్మేయమన్నావు. దాని బదులు అక్కడ హెడ్డూ స్పీకరూ ఒకే పెట్టెలో ఇమిడి ఉండే కాంబో కొనుక్కుందామనుకుంటున్నాను, నీకేమనిపిస్తుందో రాయి అన్నావు. నీ ఉత్తరం చదివిన రోజునే నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. కాంబోయే కొనుక్కో అని రాసేదాన్ని. ఈ వారం రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో వాయిస్తావు, పై వారం టాటానగర్ వెళతావు. ఒకటే పెట్టె, ఒకటే పిడి. పట్టుకుని రైలెక్కితే అయిపోయింది. ఈ రెండు పెట్టెలతో నువ్వు పలాస స్టేషన్లో దిగినప్పుడు నేను చూశాను కదా. హెడ్డును పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నావు. స్పీకర్ల పెట్టె కూలీ నెత్తిమీద ఊగుతోంది. రెంటినీ కలిపే తీగ రైల్లోనే మరిచిపోయి, కదులుతున్న బండి వెంట పరుగెత్తావు. స్టేషనంతా నవ్వింది.

పైగా, నిజం చెప్పాలంటే, ఆ సెట్టు ఇంట్లోంచి పోతే బాగుండునని కూడా నాకు ఉండేది. ఆ క్రిస్మస్ ఉదయం నువ్వు అద్దె జనరేటరుతో దాన్ని పలికించగానే నాన్నగారు తాను ప్రసంగం చేసే గుడిలోంచి బయట పెట్టించడం, ఆరాధనలో ఈ చప్పుడు పనికిరాదనడం, నువ్వు కొత్త గిటారు ఒక్కటీ పట్టుకుని సాయంత్రం బండికే వెళ్ళిపోవడం. అప్పటినుంచి నీ ఉత్తరాలు నా పేరుకే వస్తున్నాయి. వెనక గదిలో దుప్పటి కప్పి ఉన్న ఆ రెండు పెట్టెల పక్కనుంచి నాన్నగారు రోజూ నడిచి వెళ్ళేవారు. ఒక్కసారి తల తిప్పి చూసిందీ లేదు, తీసేయమన్నదీ లేదు.

అందుకని నారాయణమూర్తిగారికి కబురుపెట్టాను. ఆయన పలాసలో పెళ్ళిళ్ళకు పాటకచేరీ పార్టీ నడుపుతారని నీకు తెలుసు. సరుకు చెవితో విని గాని కొననన్నారు. మన ఊళ్ళో కరెంటు లేదు కదా, తన పెట్రోలు జనరేటరు బండిమీద వేసుకుని శుక్రవారం తెల్లవారేసరికి వస్తాననీ, ఆ సాయంత్రం టెక్కలిలో పెళ్ళి ఉంది గనక ఎండెక్కకముందే వెళ్ళిపోవాలనీ కబురంపారు.

ఈ నెల ఏడో తారీకు, ఆ శుక్రవారం పట్టిన మంచు సంగతి నీకెలా చెప్పను. ఉద్దానంలో పుట్టి పెరిగాం, మంచు మనకు కొత్త కాదు. కాని ఆ రోజు మన వాకిట్లో కొబ్బరిచెట్టు మొదలు కనబడింది, పైన చెట్టు లేదు. నారాయణమూర్తిగారి బండి వస్తుంటే ముందు ఎద్దుల మువ్వలు వినబడ్డాయి. తర్వాత కొమ్ములు కనబడ్డాయి. బండి మాత్రం గుమ్మంలోకి వచ్చేదాకా కనబడలేదు. నాన్నగారు ఊళ్ళో లేరు. బారువ వైపు సంఘంలో ఒక ముసలాయనకు బాగా జబ్బు చేసిందంటే ముందురోజు వెళ్ళారు.

నారాయణమూర్తిగారు వసారాలో సెట్టు పెట్టించి, చుట్టూ తిరిగి చూసి, ఏటమ్మా ఇది, ఒక పాటకి రెండు పెట్టెలేటి అన్నారు. బస్సు పైన ఒకటి వేస్తే రెండోది కింద మిగిలిపోతుందట. అయినా చెయ్యి మాత్రం నెమ్మదిగానే వేశారు. స్పీకర్ల పెట్టె కలపకుండా హెడ్డు వేస్తే లోపల కాలిపోతుందని చెప్పి, ముందు తీగ కలిపి, ఆ తర్వాతే స్విచ్చి వేశారు. వెనక జాలీలోంచి గాజు వాల్వులు ఎర్రగా వెలిగాయి. నువ్వు నాకిచ్చిన పాత ఎలక్ట్రిక్ గిటారు తెచ్చి, హెడ్డుకు తగిలించి వాయించాను. పాటేం కాదు. నువ్వు నాకు మొట్టమొదట నేర్పిన మూడు స్వరాలు, పైకెక్కి కిందికి దిగేవి. చెవులు గింగురుమన్నాయి. అమ్మ వంటింట్లోంచి వచ్చి, పాలు విరిగిపోతాయి బాబూ అంది.

ఇంకోసారి వాయించమ్మా అని ఆయన అంటుండగానే తవిటమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. నావ గోవిందరావు భార్య, నీకు గుర్తుండే ఉంటుంది, నీకు ఎండుచేపలు మూటకట్టి పంపేది. చీర మోకాళ్ళ దాకా తడిసిపోయి ఉంది. ఈ సప్పుడేటమ్మా, మీ ఇంట్లోంచేనా, ఒడ్డు దాకా వచ్చింది అని అడిగింది. మేము జవాబు చెప్పేలోపే సంగతి చెప్పేసింది. కాసులమ్మ కొడుకుల తెప్ప రాత్రి వేటకెళ్ళి ఇంకా రాలేదు. బారువలో చేపలు అమ్ముకుని తెల్లవారకముందే బయల్దేరిన గోవిందరావు నావ కూడా ఈ పాటికి ఒడ్డెక్కాలి, ఎక్కలేదు. మంచులో వాళ్ళకి ఒడ్డు కనబడదు, ఒడ్డున వేసిన మంట కనబడదు. డప్పు కొడుతున్నారు, డబ్బాలు కొడుతున్నారు. ఆ చప్పుడు కెరటాల హోరులో కలిసిపోతోంది. దారి తప్పి దక్షిణానికి జరిగితే అక్కడ ఏటిమొగ ఉంది. ఏరు సముద్రంలో కలిసే ఆ చోట సుడులెలా ఉంటాయో నీకు నేను చెప్పక్కర్లేదు. తవిటమ్మ ఇదంతా చెప్పి నా మొహం వంక చూసింది. నేను తన మొహం వంక చూశాను.

ఆ పెట్టె ఒడ్డుకి తెండమ్మా అంది.

నారాయణమూర్తిగారు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని లెక్కలు వేసుకున్నారు. బండి ఇసుకదిబ్బ ఎక్కదు. జనరేటరు మోసుకుపోయినా, దాని రొద పక్కనే ఉంటే సముద్రంలోంచి వాళ్ళు కేకేసినా మనకి వినబడదు. ఇక హెడ్డు సంగతి. ఆ ఉప్పు మంచులో తడిసిందంటే లోపలంతా కాలిపోతుంది, వాయించే మనిషికి షాకు కొట్టినా కొట్టొచ్చు. ఇవన్నీ ఆయన తనలో తను చెప్పుకుంటున్నట్టు ఒక్కొక్కటే చెప్పారు. ఇంక కుదరదంటారనుకున్నాను. అప్పుడాయన ఆ రెండు పెట్టెలనీ, మధ్యనున్న తీగనీ చూసి, ఇది కాంబో అయ్యుంటే నేనేం చెయ్యలేకపోయేవాణ్ణి, పెట్టెను ఒడ్డుకి పంపుదాం, హెడ్డు మన దగ్గరే ఉంచుదాం అన్నారు.

పెళ్ళి పందిళ్ళలో దీపాలకు వాడే తీగ ఆయన బండిలో చుట్టలు చుట్టలుగా ఉంది. దూరం పోయేకొద్దీ శబ్దం నీరసిస్తుందని రెండు తీగలు కలిపి మెలివేశారు. దిబ్బకు ఇవతల చేపలు దాచే తాటాకు పాక ఉంది కదా, అందులో పొడి ఇసుక మీద పీట వేసి హెడ్డు పెట్టారు. జనరేటరు పాక వెనక్కు లాగి చుట్టూ తడికలు కట్టించారు. స్పీకర్ల పెట్టెను నులకమంచం మీద పెట్టి తవిటమ్మా, కాసులమ్మా, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ భుజాల మీద ఎత్తుకున్నారు. దిబ్బ ఎక్కుతుంటే మంచం, పెట్టె, మనుషులు, అందరూ మంచులో కలిసిపోయారు. తీగ ఒక్కటే ఇసుకమీద పాములా వాళ్ళ వెనక పాకుతూ పోయింది. అది ఆగేదాకా నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. తర్వాత తవిటమ్మ కేక వినబడింది. పెట్టారు. నారాయణమూర్తిగారు స్విచ్చి వేశారు.

అన్నయ్యా, ఆ తర్వాత జరిగింది నేను ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు కొత్తగానే ఉంటుంది.

నేను గిటారు సన్నతీగ మీటాను. పాకలో నా చేతి కింద టిక్కుమని చిన్న చప్పుడు, అంతే. ఎవరో గోరు గీసినట్టు. మరుక్షణం దిబ్బ అవతల, సముద్రం పక్క నుంచి ఆ స్వరం లేచింది. అంత పెద్దది, అంత దూరాన. అది నాదంటే నమ్మలేకపోయాను. ఇన్నాళ్ళూ వాయించినది ఒళ్ళోనే వినబడేది. ఇప్పుడు నా వేలు ఇక్కడ కదిలితే, నేను చూడలేని చోట, నేను వెళ్ళలేని నీళ్ళ మీద అది మోగుతోంది. కెరటాల హోరు లావుగా, కిందగా ఉంది. డప్పు చప్పుడు ఆ హోరులోనే పడి మునిగిపోయింది. ఈ స్వరం మాత్రం సన్నగా దాని పైనుంచి సాగిపోయింది. నాకు భయం వేసింది. ప్రార్థన చేద్దామనుకున్నాను, కాని చేతులు ఖాళీ లేవు. ఆ మూడు స్వరాలే వాయించడం, ఆపడం, చెవులొగ్గి వినడం, మళ్ళీ వాయించడం. ఆపినప్పుడల్లా దిబ్బ మీదున్న జనమంతా ఊపిరి బిగబట్టేవారు. అంత నిశ్శబ్దం సముద్రం పక్కన ఉంటుందని నేనెన్నడూ అనుకోలేదు.

వేళ్ళు కోసుకుపోయాయి. నారాయణమూర్తిగారు తన తలగుడ్డ చింపి ఇచ్చారు. గుడ్డ చుడితే స్వరం పలకడంలేదు, తీసేశాను. ఒకసారి సన్నతీగ తెగింది. దాని పక్క తీగ మీదికి మారాను.

మొదట కాసులమ్మ కొడుకులు వచ్చారు. కేక లేదు, ఏమీ లేదు, కెరటంలోంచి తెప్ప తిన్నగా పెట్టె ఎదురుగా వచ్చి ఇసుకలో దిగబడిందట. పెద్దవాడు దిగీ దిగగానే, ఇదేటి అమ్మా, ఏదో పిట్ట పిలిచినట్టుంది, దానెనకే వచ్చీసినాం అన్నాడట. ఈ మాట దిబ్బమీంచి నాకు చేరవేశారు. నేను ఏడవలేదు. ఇంకో నావ రావాలి.

ఆ నావ కోసం వాయించినంతసేపు ఎంతో నాకు తెలియదు. జనరేటరులో పెట్రోలు అడుగంటుతోందని నారాయణమూర్తిగారు డబ్బా ఊపి చూడడం కళ్ళారా చూశాను. నేను వాయిస్తూనే ఉన్నాను. ఒకసారి ఆపినప్పుడు దూరంగా చెక్క మీద చెక్క కొట్టిన చప్పుడు వినబడింది. అది దక్షిణాన్నుంచి, ఏటిమొగ పక్కనుంచి వచ్చింది. ఆపకమ్మా, ఆపకు, ఆల్లే అని తవిటమ్మ అరిచింది. ఇంక ఆపకుండా వాయించాను. చెక్క చప్పుడు కొంచెం కొంచెంగా ఉత్తరానికి జరుగుతూ, దగ్గరవుతూ వచ్చింది. తర్వాత దిబ్బ మీద కాళ్ళ పరుగులు. తర్వాత తవిటమ్మ పాక గుమ్మంలోకి వచ్చి, నా పక్కన ఇసుకలో కూలబడి నా మోకాలి మీద తల పెట్టింది. నారాయణమూర్తిగారు వంగి స్విచ్చి తీసేశారు. వాల్వుల ఎరుపు మెల్లగా ఆరిపోయింది.

మంచు విడిపోతుంటే దిబ్బ ఎక్కి చూశాను. స్పీకర్ల పెట్టె తడి ఇసుకలో మంచం మీదే నిలబడి ఉంది. పోటు వచ్చి దాని కింది మంచం కోళ్ళను తాకుతోంది. తవిటమ్మ తన పై చెంగు చింపి దానిమీద కప్పి ఉంచింది. జనం దాని చుట్టూ కొంచెం దూరంగా నిలబడ్డారు, నిద్రపోయే మనిషిని లేపకూడదన్నట్టు. కాసులమ్మ దగ్గరకు వెళ్ళి గుడ్డమీద చెవి ఆనించి విన్నది. తర్వాత ఇంటికెళ్ళి పసుపూ కుంకుమా తెచ్చి దానికి బొట్టు పెట్టింది. మన ఇంట్లో వస్తువుకి బొట్టు, అన్నయ్యా. తుడవబోయి తుడవలేకపోయాను. నాన్నగారు చూశారు. తుడవమనలేదు.

నారాయణమూర్తిగారు సెట్టు కొనలేదు. ఎండెక్కిపోయింది, టెక్కలి పెళ్ళికి వేళవుతోంది. బండి దగ్గర కాళ్ళకంటిన ఇసుక దులుపుకుంటూ, మీ అన్నయ్యకు రాయమ్మా, ఈ సెట్టు నేను కొనను, దీని పని నా పెళ్ళి పాటలు కాదు అన్నారు. మంచు రోజులు పోయేదాకా జనరేటరూ, తీగ చుట్టలూ ఇక్కడే ఉంచండి, నాకు వేరే ఏర్పాటు ఉందిలే అన్నారు. ఉందో లేదో నాకు తెలియదు.

ఇదీ సంగతి. నీ ప్రశ్నకు జవాబు ఇంకా మిగిలే ఉంది. కాంబో మంచిదా, ఇలా విడివిడిగా ఉన్నది మంచిదా అంటే, రైల్లో తిరిగేవాడికి కాంబోయే మంచిదని ఇప్పటికీ అంటాను. కాని ఈ సెట్టును అమ్మమని మాత్రం నన్ను మళ్ళీ అడగకు. నా వేళ్ళు మానుతున్నాయి. నల్లబల్ల మీద రాయడానికి ఇంకా ఇబ్బందిగా ఉంటే పిల్లల చేతే రాయిస్తున్నాను. వాళ్ళకదే పండగ.

అమ్మ దీవెనలు. వేళకు తిను. ఉత్తరం రాయి.

నీ చెల్లెలు,
జ్ఞానసుందరి

తా.క. విలియంకు నాన్న రాయునది. కవరు కోసం నా గదికి వచ్చిన నీ చెల్లెలు ఈ కాగితాలు నా బల్లమీద పెట్టి, చదవండి అని బయటకు వెళ్ళిపోయింది. చదివాను. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. గోవిందరావు నావలో ఎవరున్నారో మాత్రం రాయలేదు. రాయవద్దని నేనే చెప్పాను. ఇప్పుడు నేనే రాస్తున్నాను. ఆ నావలో నేనున్నాను. బారువ నుంచి వాళ్ళతో కలిసి వస్తానని ముందే కబురు చేశాను గనక నీ చెల్లికి ఆ సంగతి మొదటినుంచీ తెలుసు. తెలిసే వాయించింది.

నువ్వు కాంబో కొనవద్దు. మంచు వెళ్ళాక వచ్చి హెడ్డు తీసుకుపో, అక్కడ నీకు కావలసిన స్పీకర్ల పెట్టె చేయించుకో. ఈ పెట్టెను గుడిలో, నేను నిలబడే బల్ల పక్కన పెట్టించాను. బొట్టు అలాగే ఉంది. హెడ్డు లేకపోతే అది పలకదని నారాయణమూర్తిగారు చెప్పారు. కాబట్టి మళ్ళీ మంచు పట్టేవేళకు నువ్వు హెడ్డు తీసుకుని రావలసి ఉంటుంది. ఏటేటా.

ఇంకొకటి. ముప్పై ఏళ్ళుగా నీటిమీద వినబడిన దేవుని స్వరం గురించి ప్రసంగాలు చేస్తున్నాను. ఆ ఉదయం రెండు పక్కలా కెరటాలు విరిగే చప్పుడు, ఏది ఒడ్డో ఏది మొగో తెలియదు. గోవిందరావు తెడ్డు ఆపి, ప్రార్థన చెప్పండి అయ్యగారూ అన్నాడు. నోరు తెరిచాను, మాట రాలేదు. అప్పుడు వినబడింది. అందరూ బిగుసుకుపోయారు. అదేటి అయ్యగారూ అని గోవిందరావు అడిగాడు. నాకు వెంటనే తెలిసింది.

అది మా విలియం పెట్టె, అటు తిప్పు అన్నాను.

కృపాదానం